అమ్మ విప్పి చూసిన సిగార్

చాలా రోజుల తర్వాత రాస్తున్న. పోస్టు పెద్దగుంటది. డ్యూటీ దిగినంక, పండుకునే ముందు ఓపిక ఉంటే చదువుండ్రి.

మా రూమ్‌ల ఆరుగురం ఉంటం. నా అల్మారీల పై అరల ఒక ప్లాస్టిక్ డబ్బా ఉంటది, మూత గట్టిగ పడేది. దాంట్ల నాలుగైదు సిగార్లు, తేమ కోసం ఒక చిన్న ప్యాకెట్. రూముకు కొత్తగ ఎవరొచ్చినా ముందు ఆ డబ్బా గురించే అడుగుతరు. "అన్నా, సిన్మాల విలన్ లెక్క సిగార్లు తాగుతవా?" అని నవ్వుతరు. మా సిరిసిల్ల తమ్ముడు మాత్రం నవ్వడు. ఒకరోజు మొఖం మీదనే అన్నడు: "బీడీలు చేసినామె కొడుకువు. నీకు ఈ చుట్టల షోకు ఏందే?"

అప్పుడు జవాబు చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్న. ముందే ఒక మాట: ఎవరినీ తాగుమని చెప్పే పోస్టు కాదిది. అలవాటు లేనోళ్లు మొదలు పెట్టకుండ్రి. నేను కూడ నెలకు ఒక్కటే, జీతం పడ్డ వారం, సెలవు రోజు. అంతకు మించి నా జేబూ ఒప్పుకోదు, మనసూ ఒప్పుకోదు. మనసు ఎందుకు ఒప్పుకోదో కింద చెప్తా.

నాది మెట్‌పల్లి దిక్కు పల్లె. దుబాయ్‌ల హోటల్ పని. మొదటి మూడేండ్లు బాంకెట్‌ల ప్లేట్లు మోసిన. 2018ల సిగార్ లాంజ్‌ల మనిషి తక్కువైతే నన్ను అటు వేసిన్రు. మొదటి రోజు సూపర్‌వైజర్ హ్యూమిడార్ గదిలకు తీసుకపోయిండు. అద్దాల గది, లోపలంత సెడార్ చెక్క అరలు, తేమ 70 శాతం దగ్గర, చల్లగ. తలుపు తీయంగనే వాసన వచ్చింది. నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయ్ అంటే నమ్ముతరా? అది మా ఇంటి వాసన. తడిపిన తునికాకు, చాటల తంబాకు, గోనె సంచి, అన్నీ కలిసిన వాసన. అచ్చం అదే కాదు, ఇది తీయగ, మెత్తగ ఉంది. కానీ చుట్టరికం ఉంది. సూపర్‌వైజర్ ఫిలిప్పీన్స్ ఆయన. "బాగున్నావా?" అన్నడు. ఏసీ పడతలేదని చెప్పిన.

తర్వాత ట్రైనింగ్ ఇచ్చిన్రు. సిగార్‌ల మూడు భాగాలు. లోపల ఆకు, దాన్ని పట్టి ఉంచే కట్టుడు ఆకు, పైన నున్నగ కనిపించే ఆకు. మన బీడీకి పైన తునికాకు, లోపల తంబాకు పొడి. చేతితో చేసే మంచి సిగార్‌ల పొడి ఉండదు. లోపల కూడ నిలువు పొడుగు ఆకులే, మడత మీద మడత పెట్టి చుడతరు. ఆ మడతల సందుల నుంచే గాలి వస్తది. సందు లేకుంటే పొగ రాదు, సందు ఎక్కువైతే సర్రున కాలిపోయి నోరు మండుతది.

ఇంకో సంగతి నాకు మస్తు నచ్చింది. ఒక్క మొక్కకే కింది ఆకు వేరు, మీది ఆకు వేరు. కింది ఆకును వొలాడో అంటరు, మంచిగ అంటుకుంటది. నడుమ ఆకు సెకో, దాంట్ల వాసన ఉంటది. మీది ఆకు లిహెరో, ఎండ ఎక్కువ తింటది కాబట్టి ఘాటు, మందం. అది మెల్లగ కాలుతది గనుక సిగార్‌కు నట్టనడుమ పెడతరు. ఈ మూడింటిని ఏ పాళ్లల్ల కలుపుతరన్న దాని మీదనే సిగార్ గుణం ఉంటది. మిరపకాయ ఏ చేనుదైనా, పచ్చడి రుచి కలిపే చేతిల ఉంటది కదా, అట్లనే.

క్యూబాల ఒక సిగార్ చేసేటోళ్లు రోజుకు నూరు అటుఇటు చేస్తరని ట్రైనర్ చెప్పిండు. అందరు అబ్బో అన్నరు. నేను మనసుల లెక్క పెట్టుకున్న. మా అమ్మ రోజుకు వెయ్యి బీడీలు చేసేది. పొద్దున వంట చేసి, మమ్ములను బడికి తోలి, ఆకు కత్తిరించుడు మొదలు పెడితే దీపం పెట్టేదాక. రేకు ముక్క కొలత పెట్టి ఆకు కత్తిరించుడు, తంబాకు పోసి చుట్టుడు, దారం కట్టుడు, మూతి మడిచి గోరుతోటి నొక్కుడు, 25కు ఒక కట్ట. కార్ఖానకు పట్కపోతే అక్కడ ఒకాయన చూసి మంచిగ లేవని కొన్ని పక్కకు తీసేసేటోడు. తీసేసిన వాటికి పైసలు రావు. నేను బడికి పోయే రోజులల్ల వెయ్యి బీడీలకు వంద రూపాయలు కూడ రాకపోయేది. సిగార్‌ పని, బీడీ పని ఒకటి కావు, నాకు తెలుసు. అయినా ఆ లెక్క మనసుల నుంచి పోలేదు.

క్యూబా కార్ఖానల గురించి ఇంకో ముచ్చట విన్న. అక్కడ పనోళ్లు చుట్టుకుంట కూసుంటే ముందర ఒకాయన కుర్చీల కూసోని పేపర్లు, నవలలు గట్టిగ చదివి వినిపిస్తడు. 1865ల హవానాల మొదలైంది ఈ ఆచారం. 1935ల పుట్టిన మాంటెక్రిస్టో బ్రాండ్‌కు ఆ పేరు, అలెగ్జాండర్ డ్యూమా రాసిన కౌంట్ ఆఫ్ మాంటెక్రిస్టో నవల అట్ల చదువుతుంటే పనోళ్లకు మస్తు నచ్చడం వల్లనే వచ్చిందని చెప్తరు. ఇది విని మా లాంజ్‌ల కన్నూర్ చేట్టన్ అన్నడు, "మా కేరళల దినేశ్ బీడీ సొసైటీల కూడ ఇట్లనే పేపర్ చదివేటోళ్లు" అని. అప్పుడు నాకు యాదికొచ్చింది. మా వాకిట్ల యాపచెట్టు కింద అయిదారుగురు ఆడోళ్లు కూసోని బీడీలు చేస్తుంటే, నన్ను ముందర కూసోబెట్టి "చదువురా, వింటం" అనేటోళ్లు. అమ్మకు చదువు రాదు. నేను తెలుగు పుస్తకం, సోషల్ పుస్తకం, పాత పేపర్ ముక్కలు గట్టిగ చదివేటోన్ని. నేను చదువుతున్ననా లేదా అని చూసుడు కోసం చదివిస్తుందనుకునేటోన్ని. వాళ్లు నిజంగనే విన్నరని ఇప్పుడు అర్థమైతుంది.

సరే, సిగార్లను పోల్చి చూసుడు ఎట్ల మొదలైందో చెప్తా. ట్రైనింగ్‌ల భాగంగ అప్పుడప్పుడు ఒక సిగార్ కోసి నలుగురికి రుచి చూపించేటోళ్లు. గెస్టుకు చెప్పాలంటే మనకు తెలియాలె కదా. ఒకసారి రెండు సిగార్లు పక్కపక్కన పెట్టిన్రు. ఒకటి పర్తగాస్ సీరీ డి నెంబర్ 4. ఇంకొకటి ఓయో డె మాంటెరే ఎపిక్యూర్ నెంబర్ 2. రెండూ క్యూబావే. రెండూ 124 మిల్లీమీటర్ల పొడుగు, రెండూ 50 లావు. ఈ లావు లెక్క అంగుళంల 64వ వంతులల్ల ఉంటది, అంటే 50 అంటే అంగుళానికి కొంచెం తక్కువ. కవల పిల్లల లెక్క ఉన్నయ్. బ్యాండ్లు తీసేస్తే నాకు తేడా తెల్వకపోవు.

కాల్చినంక తెలిసింది. పర్తగాస్ మొదటి గుక్కకే మిరియాలు నమిలినట్టు, వెనక కాలిన మట్టి, నల్ల కాఫీ. ఓయో మాత్రం మెత్తగ, వేయించిన పల్లీలు, పాలు, చివర చివరకు కొంచెం దాల్చిన చెక్క. అదే కొలత, అదే దేశం. ఆకు కలిపిన తీరు ఒక్కటే వేరు. ఆ రోజు నుంచి నాకు ఈ పిచ్చి పట్టింది.

ఒక నోటుబుక్కు పెట్టుకున్న. ట్రైనింగ్ కార్డులల్ల లెదర్, కోకో, సెడార్ అని రాసి ఉంటది. కోకో నేను ఎప్పుడు తిన్న? అందుకే నా మాటలల్ల రాసుకున్న. "తడిసిన గొంగడి." "పెనం మీద మాడిన మక్క రొట్టె." "బెల్లం పాకం అడుగంటింది." "మొదటి వానకు దుక్కి." ఒకసారి ఒక ముసలాయన, స్కాట్లండ్ గెస్టు, ఈ సిగార్ ఎట్లుంటదని అడిగితే నోరు జారి "తడిసిన గొర్రె ఉన్ని దుప్పటి" అన్న. మేనేజర్ నా వైపు గుర్రుమని చూసిండు. గెస్టు రెండు గుక్కలు పీల్చి నవ్విండు. వాళ్ల ఊరు కూడ గొర్రెల ఊరేనట. మళ్ల వచ్చిన ప్రతిసారి నన్నే పిలుస్తడు.

కొత్తగ చూసేటోళ్లకు నాకు తెలిసిన నాలుగు సంగతులు. పోల్చాలంటే ఒకే సైజువి పోల్చుండ్రి. సన్నది, లావుది పోలిస్తే ఆకు తేడానా, సైజు తేడానా తెలియదు. కోసేటప్పుడు మూతి మీది టోపీ మాత్రమే తీయాలె, కిందికి కోస్తే పై ఆకు విడిపోతది. మంట దగ్గర పెట్టి తిప్పుకుంట మెల్లగ అంటించాలె. నిమిషానికి ఒక గుక్క, అంతే. గబగబ పీలిస్తే వేడెక్కి చేదైతది. పొగ లోపలికి మింగొద్దు. మింగకున్నా నోటికి, గొంతుకు క్యాన్సర్ ముప్పు పోదు, ఇది మర్చిపోవద్దు. ఒక సిగార్ మూడు భాగాలు అనుకోండ్రి. మొదటి మూడో వంతు పలకరింపు, నడుమ అసలు ముచ్చట, చివరది ఘాటు. మూతి వేడెక్కితే పక్కన పెట్టేయాలె. పైసలు పెట్టినమని చివరిదాక పీల్చేటోన్ని మొదట్ల నేను కూడ. తలకాయ తిరిగి వాంతి అయినంక బుద్ధొచ్చింది.

ఇక్కడ ఏసీ గాలికి సిగార్ వారంల ఎండి పెటపెటలాడుతది. హ్యూమిడార్ కొనే పని లేదు. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, 65 లేదా 69 శాతం తేమ ప్యాకెట్ ఒకటి, చాలు. రూముల మాత్రం కాల్చొద్దు. పొగ అలారం మోగుతది, ఫైన్ పడుతది, పక్క మంచపోన్ని ఇబ్బంది పెట్టుడు పాపం. నేను క్యాంపు వెనక పొగ తాగే జాగల, ఇనుప బల్ల మీద కూసుంట.

ధర సంగతి. ఎమిరేట్స్‌ల 2017 అక్టోబర్ నుంచి పొగాకు మీద 100 శాతం ఎక్సైజ్ పన్ను ఉంది. తర్వాత క్యూబా సిగార్ల ధరలు కూడ బాగ పెరిగినయ్. నేను చెప్పిన పర్తగాస్ ఒక్కటి 100 దిర్హాములు దాటుతది. అందుకే నేను ఎక్కువగ నికరాగువావి చూస్త, సగం ధరల మంచివి దొరుకుతయి. రోడ్డు మీద ఎవడన్న అద్దం మూత డబ్బాల కోహిబా చూపించి సస్తాల ఇస్తా అంటే నవ్వి ముందుకు నడువుండ్రి. అసలు కోహిబా అద్దం మూత డబ్బాల రాదు.

నికరాగువా అంటే ఒక ముచ్చట చెప్పాలె, మనసొంటోళ్ల ముచ్చట. క్యూబాల విప్లవం అయినంక సర్కార్ పొగాకు తోటలు, కార్ఖానలు గుంజుకుంది. చానమంది దేశం విడిచి పోయిన్రు. అట్ల పోయినోళ్లల్ల ఖోసె ఓర్లాండో పాడ్రోన్ ఒకరు. అమెరికాల మయామికి చేరిండు. పని లేదు. ఒక దోస్తు చిన్న సుత్తె ఇస్తే దాంతోటి వడ్ల పని చేసుకుంట 600 డాలర్లు కూడబెట్టి, 1964ల సిగార్ల పని షురూ చేసిండు. తర్వాత నికరాగువా ఆకుతోటి పేరు తెచ్చుకున్నడు. ఆ సుత్తె ఆ కంపెనీకి ఇప్పటికీ గుర్తు. పాడ్రోన్ సిగార్ నేను రెండుసార్లే తాగిన, ఒకటి గెస్టు ఇచ్చింది. నోటుబుక్కుల "నల్ల కాఫీ, కోకో కావచ్చు, ఎండు ఖర్జూర" అని రాసుకున్న. అప్పటికి కోకో తిన్న.

ఇంకో నవ్వుకునే సంగతి. 1962 ఫిబ్రవరిల అమెరికా అధ్యక్షుడు కెనడీ క్యూబా సరుకు మీద నిషేధం పెట్టిండు. సంతకం పెట్టే ముందు తన ప్రెస్ సెక్రటరీ పియర్ సాలింజర్‌ను పిలిచి, తనకు ఇష్టమైన క్యూబా సిగార్లు దొరికినన్ని తెమ్మన్నడట. సాలింజర్ 1200 తెచ్చినంకనే సంతకం పెట్టిండని సాలింజరే తర్వాత రాసిండు. మా లాంజ్‌ల అమెరికా గెస్టులు క్యూబా సిగార్ అంటించేటప్పుడు వాళ్ల మొఖంల దొంగతనంగ మామిడికాయ తెంపిన పిల్లల సంబురం కనిపిస్తది.

ఇక అసలు సంగతి. దొంగతనం నాది కూడ ఉంది.

మా నాయిన బీడీలు తాగేటోడు. కార్ఖానల తీసేసిన బీడీలు పారేయబుద్ధి కాక ఇంట్ల పెట్టుకునేది అమ్మ, అవే తాగేటోడు. తర్వాత దమ్ము, దగ్గు. చివరి రెండేండ్లు మంచం మీద కూసునే నిద్రపోయేటోడు, పండుకుంటే ఊపిరి ఆడకపోయేది. 2011ల పోయిండు. అమ్మ ఎన్నడు ఆ మాట బయటికి అనలేదు గాని, తన చేతితో చేసిన బీడీలే అని ఆమె మనసుల ఉందని నాకు తెలుసు. అందుకే నా సిగార్ల సంగతి అమ్మకు ఎన్నడు చెప్పలేదు. ఫోన్‌ల మాట్లాడేటప్పుడు డబ్బా అల్మారీల పెట్టి తలుపు మూస్త. నలభై ఏండ్లకు దగ్గరపడ్డ.

పోయిన సారి సెలవుకు పోయినప్పుడు బ్యాగుల ఒక పర్తగాస్ ఉంది. చిన్ననాటి దోస్తుకు చూపిద్దామని పెట్టుకున్న. అమ్మ బట్టలు ఉతుకుదామని బ్యాగు తీసింది. నేను స్నానం చేసి వచ్చేసరికి దాన్ని చేతిల పట్టుకొని గడప మీద కూసుంది.

"ఏందిరా గిది? చుట్టనా?"

"అవునమ్మా. క్యూబా దేశంది. హోటల్‌ల ఇచ్చిన్రు." మొదటి అబద్ధం.

అమ్మ తిడుతదనుకున్న. తిట్టలేదు. దాన్ని రెండు వేళ్ల నడుమ పెట్టి మెల్లగ నొక్కుకుంట పోయింది, ఈ కొస నుంచి ఆ కొసకు. మేము లాంజ్‌ల గెస్టుకు ఇచ్చే ముందు సరిగ్గ ఇట్లనే చూస్తం. నాకు ఆరు నెలలు పట్టింది ఆ స్పర్శ నేర్చుకునుడు. ఆమెకు ఎవ్వరు నేర్పలే.

"గీడ గట్టిగుంది," అన్నది నడుమల వేలు ఆపి. "గీడ దమ్ము గుంజదు."

నేను తీసుకొని నొక్కి చూసిన. నిజమే. కొన్నప్పుడు నాకు తగలలేదు.

"మూతి మాత్రం మంచిగ మూసిన్రు. అతుకు కనవడతలేదు. దారం లేకుంట ఎట్ల నిలబడ్డది?"

ఏదో చెట్టు జిగురు పెడతరని చెప్పిన. అమ్మ నా దిక్కు చూసింది. "ఇప్పి చూస్త," అన్నది.

దోస్తులు, ఏం చెప్పాలె నేను. వద్దంటే ఎందుకు వద్దంటవంటది. ఎందుకంటే ధర చెప్పాలె. "చూడు" అన్న.

చాట తెచ్చుకుంది. పాత చాటనే. వేళ్లు తడి చేసుకొని మూతి దగ్గర టోపీ లేపింది. పై ఆకు ఒక్క ముక్కగ, చీర కొంగు విప్పినట్టు, చుట్టు తిరిగి తిరిగి వచ్చింది. ఎక్కడ చినగలే. దాన్ని మోకాలు మీద పరిచి చూసింది. "ఎంత సన్నగుందిరా, ఈనె లేదు." తర్వాత కట్టుడు ఆకు. తర్వాత లోపలియి, ఒక్కొక్కటి. నడుమల ఆ గట్టిగున్న జాగల ఒక ఆకు ఈనె ముక్క అడ్డం పడి ఉంది. దాన్ని తీసి నాకు చూపించింది. మొఖంల గెలుపు. చాన ఏండ్లైంది ఆ మొఖం చూసి.

"గిది కార్ఖానల చూసేటోడు చూడలే," అన్నది. "మావైతే పక్కకు పారేస్తుండె."

తర్వాత మళ్ల చుట్టవట్టింది. ఇరవై నిమిషాలు. లోపలి ఆకులు మడిచింది, కట్టుడు ఆకు చుట్టింది, పై ఆకు దగ్గరికి వచ్చేసరికి వంకర పోయింది, ఎండకు ఆకు పెళుసుబారింది. మొక్కజొన్న కంకి లెక్క నడుమ ఉబ్బి, కొసలు సన్నగ అయ్యింది. ఇద్దరం నవ్వినం. పక్కింటి చిన్నమ్మ వచ్చి ఏందని అడిగితే, "మా పోరడు క్యూబా బీడీ తెచ్చిండు" అని చెప్పింది.

చిన్నమ్మ పోయినంక అడిగింది. "ఎంత దీనికి?"

"నూట యాభై."

"రూపాయలా?"

"ఆ."

అమ్మ కొద్దిసేపు ఆ వంకర సిగార్‌ను చూసింది. "నూట యాభైకి గింత పనా? మరి చేసినోళ్లకు ఏమిస్తరు?"

నా దగ్గర జవాబు లేదు. ఇన్నేండ్లు లాంజ్‌ల పని చేసిన. ఏ తోట ఆకు, ఏ ఏడు పంట, ఎన్నేండ్లు ఊరబెట్టిన్రు, ఏ రుచి, అన్నీ గెస్టులకు చెప్తా. చేసినోళ్లకు ఏమిస్తరని ఒక్క గెస్టు అడుగలే. నేను కూడ అడుగలే. బీడీ చేసిన చేయి కాబట్టి ఆమెకు మొదట అదే వచ్చింది.

అమ్మకు కండ్లు సరిగ కనిపిస్తలేవు, బీడీలు మానేసింది. బీడీ కార్మికుల భృతి నెలకు 2016 రూపాయలు వస్తది. ఆ రోజు చాటల విప్పి పోసింది ఆమె నెల భృతి కన్న ఎక్కువ. అది నేను చెప్పలే. చెప్పి ఉండాల్సిందా? మీరే చెప్పుండ్రి. చెప్తే ఆ సిగార్‌ను ముట్టకపోయేది. ఆ నవ్వు ఉండకపోయేది. చెప్పకపోతే అబద్ధం.

రాత్రి అన్నం పెట్టుకుంట అడిగింది, తల ఎత్తకుండ. "నువ్వు తాగుతున్నవా?"

"నెలకు ఒక్కటి, అమ్మా. అంతే."

"మీ నాయిన గూడ రోజుకు రెండే అన్నడు, మొదట్ల."

అంతే అన్నది. ఇంకో ముద్ద పెట్టింది.

ఇక్కడికి తిరిగొచ్చినంక రెండు నెలలు డబ్బా ముట్టలే. మూడో నెల తీసి, ఒకటి కాల్చిన. అబద్ధం చెప్పను, మంచిగనే అనిపించింది. కానీ ఇప్పుడు కాల్చే ముందు నొక్కి చూసుడు ఎక్కువైంది, పై ఆకు అతుకు ఎక్కడుందో వెతుకుడు ఎక్కువైంది. నోటుబుక్కుల ఇప్పుడు రుచి కింద ఒక గీత గీసి, "చేసిన పని" అని ఇంకో వరుస రాస్తున్న. చుట్టు సమానంగ ఉందా, మూతి ఎట్ల మూసిన్రు, ఎక్కడన్న గట్టిగుందా. నెలకు ఒకటి అన్నది రెండు నెలలకు ఒకటి చేసిన. పూర్తిగ మానేస్తనా అంటే, తెలియదు. మా నాయిన రెండు బీడీల సంగతి ప్రతిసారి యాదికొస్తది. యాదికి రావాలె కూడ.

సిరిసిల్ల తమ్మునికి నా జవాబు ఇదే. బీడీలు చేసినామె కొడుకును కాబట్టే నాకు ఈ ఆకు సంగతి అర్థమైతది. అదే కారణానికి నాకు ఇది పూర్తిగ సుఖంగ ఉండదు. రెండూ నిజమే.

పోయిన వారం వీడియో కాల్‌ల అమ్మ తనే అడిగింది, "ఇంక ఉన్నయారా అవి?" అల్మారీ తెరిచి డబ్బా చూపించిన, మొదటిసారి. మూడు ఉన్నయ్. ఫోన్ దగ్గరికి పెట్టుమన్నది. కండ్లు చిట్లించి చూసి, "ఆ కొసది మంచిగ చేసిన్రు," అన్నది. అది నికరాగువాది, మూడింట్ల అగ్గువది. కాల్చి చూడాలె ఇంక. ఆమె మాట నిజమే అయితదని నా నమ్మకం.

ఇది చదివినోళ్లల్ల మా ఊరోళ్లు, మెట్‌పల్లి, కోరుట్ల దిక్కోళ్లు ఉంటే ఒక్క దండం. అమ్మకు ధర చెప్పకుండ్రి. వచ్చే సెలవుకు పోయినప్పుడు నేనే చెప్తా.